సర్పంచ్ అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్నలు

సంపాదకులకు నమస్కారం.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే పత్రికల నిండా రిజర్వేషన్ల లెక్కలు, ఏకగ్రీవాలు, ఓటుకు ఎంత పంచారన్న వార్తలే. నిలబడ్డ మనిషికి మంచీచెడ్డా చూసి నిర్ణయం తీసుకునే తెలివి ఎంత ఉందన్న మాట ఎక్కడా రాదు. శాసనసభ ఎన్నికల్లో అయితే పార్టీ ఉంటుంది, ఎన్నికల ప్రణాళిక ఉంటుంది, గెలిచినవాళ్లు దారి తప్పితే అడ్డుకునే పైవాళ్లు ఉంటారు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు. ఉంగరమో, కత్తెరో, బ్యాటో ఇస్తారు. గెలిచాక ఐదేళ్లపాటు ఊరి నీళ్లు, దీపాలు, మోరీలు, చెత్త, ఇంటి అనుమతులు అన్నీ ఆ ఒక్కరి సంతకం చుట్టూ తిరుగుతాయి. అందుకే మిగతా ఏ ఎన్నికలో కంటే ఇక్కడ అభ్యర్థి విచక్షణే ఓటరుకు ముఖ్యం కావాలి.

విచక్షణ అంటే చదువు కాదు, మాటకారితనం కాదు. చేతిలో డబ్బు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, తెలిసింది సగమే అయినప్పుడు ఏది ముందు చేయాలి, ఏది ఆపాలి, ఎవరిని అడగాలి అని తేల్చుకునే తీరు. దాన్ని పోలింగుకు ముందే చాలావరకు పట్టుకోవచ్చు. ఎలా పట్టుకోవాలో తెలంగాణ పంచాయతీల పనితీరు ఆధారంగా రాస్తున్నాను. చట్టం వివరాలు కొన్ని తేడాగా ఉన్నా ఆంధ్రప్రదేశ్ ఊళ్లకూ ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది.

నీళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మనిషి తెలివి అక్కడే బయటపడుతుంది. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ‘గెలిపిస్తే మీ వాడకు కొత్త బోరు వేయిస్తా’ అంటారు. చప్పట్లు పడతాయి. ఆ వాడకు నీళ్లు ఎందుకు రావడం లేదని అభ్యర్థిని అడిగి చూడండి. మిషన్ భగీరథ లెక్క ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలి. 2,000 జనాభా ఉన్న ఊరికి అది 2 లక్షల లీటర్లు. ఊళ్లో 60 వేల లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే రోజుకు మూడుసార్లకు పైగా నిండాలి. నిండుతోందా? నిండుతుంటే లోపం ట్యాంకు తర్వాత ఉంది: పగిలిన పైపు, సరిగా మూతపడని వాల్వు, ఎత్తున ఉన్న వాడకు చాలని ఒత్తిడి, లేదా నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగేస్తున్న ఇళ్లు. నిండకపోతే లోపం పైనుంచి వచ్చే సరఫరాలో ఉంది. ఏ లోపానికి ఆ మందు వేయాలి. ట్యాంకు కింద వాల్వు దగ్గర నిమిషానికి 5 లీటర్లు కారిపోతుంటే రోజుకు 7,200 లీటర్లు, అంటే 72 మందికి అందాల్సిన నీళ్లు. ఆ వాల్వు మార్చడం ఒక పూట పని. కొత్త బోరంటే కేసింగ్, మోటారు, స్టార్టరు, పైపులైను, కరెంటు కనెక్షన్ అన్నీ కలిపి లక్షల మాట, ఆ తర్వాత ఐదేళ్ల కరెంటు బిల్లు.

బోరే కావాలన్నా దానికి పద్ధతి ఉంది. భూగర్భ జల శాఖ సర్వే అడగాలి. నీళ్లు పడ్డాక ఎంత పడ్డాయో కొలవాలి: 200 లీటర్ల డ్రమ్ము రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6,000 లీటర్లు. ఆ కొలత ఆగస్టులో తీస్తే మోసపోతాం, మే నెలలో తీయాలి. నల్గొండ జిల్లా మర్రిగూడ వంటి చోట్ల ఇంకో ప్రశ్న ఉంది, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత అన్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని జాతీయ ప్రమాణం. ఫ్లోరైడ్ ఊళ్లో పరీక్ష మాట ఎత్తకుండా తాగునీటికి కొత్త బోరు ప్రకటించే అభ్యర్థి ఎంత మంచివాడైనా ఆ ఊరి పిల్లల పళ్లను, ఎముకలను పణంగా పెడుతున్నట్టే. ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు. ఆ జిల్లాలో వంకర తిరిగిన కాళ్లతో బతుకు వెళ్లదీసిన మనుషులున్నారు.

నీళ్ల గురించే రెండో ప్రశ్న ఇంకా చిన్నది: ట్యాంకులో బ్లీచింగ్ ఎంత కలుపుతారు? సర్పంచ్ స్వయంగా కలపరు, నిజమే. కానీ తెలుసుకోవాలన్న పట్టింపు ఉందో లేదో ఇక్కడ తెలుస్తుంది. మంచి బ్లీచింగ్ పొడి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైనున్న తేట నీటిని ట్యాంకులో పోసి కనీసం అరగంట ఆగాలి. చివరి ఇంటి నల్లా దగ్గర క్లోరోస్కోప్‌తో (నీళ్లలో క్లోరిన్ చూసే చిన్న పరికరం) చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలి కనిపించాలి. ఎక్కువ ఊళ్లలో బెడిసికొట్టేది ఎక్కడంటే, మూతి విప్పి వదిలేసిన సంచిలో పొడి గడ్డకట్టి, క్లోరిన్ అంతా ఎగిరిపోయి ఉంటుంది. కలిపినట్టు రిజిస్టరులో ఉంటుంది, వానాకాలం రాగానే ఊరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ‘ఆ లెక్క నాకు తెలియదు, రేపు వాటర్‌మన్‌ను అడిగి మీకు చెబుతా’ అని ఒక అభ్యర్థి అని, మర్నాడు నిజంగా వచ్చి చెబితే ఆ మనిషికి నా దృష్టిలో సగం ఓటు పడినట్టే. తెలియనిది తెలియదని ఒప్పుకుని, తెలుసుకుని తిరిగి రావడం కంటే పెద్ద అర్హత ఈ పదవికి లేదు.

మూడోది ధైర్యానికి సంబంధించింది. నల్లాలకు మోటార్లు బిగించిన ఇళ్లను ఏం చేస్తారని పదిమందిలో అడగండి. ఆ ఇళ్లలోనూ ఓట్లున్నాయి, బహుశా అభ్యర్థి చుట్టాల ఇల్లూ అందులో ఉంటుంది. ‘ముందు గ్రామసభలో చెప్పి వారం గడువిస్తాం, తర్వాత కనెక్షన్ తీసేస్తాం, మొదట మా అన్న ఇంటిదే తీస్తాం’ అనగలిగితే ఆ నోటికి విలువ ఉంది. ‘అందరినీ కలుపుకుపోతాం’ అంటే గెలిచాక ఏమీ జరగదని అర్థం.

ఇక డబ్బు. పంచాయతీకి వచ్చే సొమ్మంతా ఒక సంచిలో ఉండదని తెలియని అభ్యర్థులు చాలామంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో, 2021-22 నుంచి 2025-26 వరకు, కేంద్రం నుంచి వచ్చే గ్రాంటులో 60 శాతానికి కట్టుబాటు పెట్టారు: 30 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణకు, 30 శాతం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు కానీ జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదన్నారు. ఆ లెక్కన ఏడాదికి 10 లక్షలు వచ్చే పంచాయతీలో 6 లక్షలు నీళ్లకు, శుభ్రతకు పోగా స్వేచ్ఛగా ఖర్చు పెట్టగలిగేది 4 లక్షలు. ట్రాక్టరు కిస్తీ, డీజిలు, కరెంటు బిల్లు వీటన్నిటి మధ్య సర్దుకోవాలి. అందుకే సొంత ఆదాయం, అంటే ఇంటి పన్ను వసూలు, ప్రాణాధారం. ‘గెలిస్తే ఇంటి పన్ను నేనే కడతా’ అని హామీ ఇచ్చే అభ్యర్థులు ఈ మధ్య పెరిగారు. ఒక ఏడాది కడతారనుకుందాం. రెండో ఏడాది నుంచి కట్టే అలవాటు ఊళ్లో పోతుంది, సఫాయి కార్మికుల జీతం ఆగుతుంది, చెత్త బండి నిలిచిపోతుంది. ఆ హామీ ఇచ్చే ముందు ఇంతదూరం ఆలోచించారా అన్నదే ఓటరు చూడాల్సింది.

అన్నిటికంటే ఎక్కువ మంది సర్పంచులను ముంచింది మాత్రం మంజూరుకు, విడుదలకు తేడా చూడకపోవడం. 2019 జనవరిలో ఎన్నికైన తెలంగాణ సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. వాళ్లలో ఎంతోమంది వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), సీసీ రోడ్లు, డంపింగ్ యార్డులు, మోరీలు అప్పు తెచ్చి కట్టించి, పదవి దిగిపోయాక బిల్లుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగారు. భార్య పుస్తెలు కుదువబెట్టినవాళ్లున్నారు, భూమి అమ్ముకున్నవాళ్లున్నారు. ప్రభుత్వాల తప్పు ఇందులో ఎక్కువే, అది దాచాల్సిన పని లేదు. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఆగి లెక్క చూసుకున్న సర్పంచులు కొందరు మాత్రం తట్టుకున్నారు. ఒక పని బిల్లు చేతికి రావాలంటే దాటాల్సిన మెట్లు ఇవి: పాలకవర్గ తీర్మానం, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) అంచనా, పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి, ఒప్పందం, పని జరిగాక ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు, పై ఇంజినీరు తనిఖీ, చెక్కు లేదా ఆన్‌లైన్ చెల్లింపు, ఆ తర్వాత ట్రెజరీ. చెక్కు రాసినంత మాత్రాన డబ్బు రాదు. ట్రెజరీలో ఆంక్షలుంటే నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది. ఎంబీ రాయకముందే సిమెంటు దుకాణానికి బాకీ పడితే వడ్డీ సర్పంచ్ మీదే పెరుగుతుంది, ఎందుకంటే పంచాయతీ ఖాతాలోంచి వడ్డీ కట్టే వీలు లేదు.

కాబట్టి అభ్యర్థిని ఇలా అడగండి: ‘మండలం నుంచి ఫోన్ చేసి, నిధులు తర్వాత వస్తాయి, ముందు పని మొదలుపెట్టు అంటే ఏం చేస్తావు?’ ‘చేసేస్తా, ఊరి కోసం అప్పయినా తెస్తా’ అన్న జవాబు గొప్పగా వినిపిస్తుంది. అది ప్రమాదం. అప్పు తెచ్చినవాడు దాన్ని తీర్చుకోవడానికి దారులు వెతుక్కోక తప్పదు, ఆ దారులు పంచాయతీ ఖాతాలోంచే వెళతాయి. ‘కాగితం మీద ఇవ్వమంటా, ఖాతాలో ఉన్నంతవరకే ముక్కలు చేసి చేయిస్తా, మిగతాది గ్రామసభలో పెడతా’ అన్న జవాబు చప్పగా ఉంటుంది. ఓటు వేయాల్సింది దానికి.

ఎన్నికల ఖర్చుకూ దీనికీ నేరుగా సంబంధం ఉంది. తెలంగాణలో 5,000 లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర, అంతకు మించిన ఊళ్లలో రెండున్నర లక్షలు. గౌరవ వేతనం నెలకు 6,500. ఐదేళ్లకు, అంటే 60 నెలలకు, 3 లక్షల 90 వేలు. 20 లక్షలు పంచి గెలిచినవాళ్లకు 16 లక్షల పైచిలుకు లోటు. అది పూడేది ఎక్కడంటే, రాని ట్యాంకరు ట్రిప్పులకు రాసే బిల్లులో, ట్రాక్టరు డీజిలు లాగ్‌బుక్కులో, స్టాకు రిజిస్టరుకు ఎక్కని ఎల్‌ఈడీ బల్బుల్లో, అనుమతి లేని వెంచరుకు కళ్లు మూసుకోవడంలో. ఊరి గుడికో, బడికో ఇంత ఇస్తానని సర్పంచ్ పదవిని వేలంలో పాడుకునే తీరు కూడా ఇదే లెక్క. గుడి కట్టాక ఆ సొమ్ము ఎవరి దగ్గర రాబట్టుకుంటారని అడిగేవాళ్లు ఆ రోజు ఉండరు. నిజంగా ఊరంతా కూర్చుని ఒకరిని ఒప్పుకుంటే ఏకగ్రీవం మంచిదే. కానీ 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు ప్రోత్సాహకం ప్రకటించినట్టు, ఆ డబ్బు ఆశ చూపి పోటీకి దిగేవాళ్లను కూర్చోబెడితే ఊరు అభ్యర్థులను పక్కపక్కన పెట్టి పోల్చి చూసే అవకాశమే పోతుంది.

జవాబు చెప్పేటప్పుడు అభ్యర్థులు ఎక్కువగా జారిపోయే చోటు, తమ అధికారంలో లేనిది ఇస్తాననడం. పింఛన్, ఇల్లు, రేషన్ కార్డు సర్పంచ్ మంజూరు చేసేవి కావు. పేర్లు పంపడం, గ్రామసభలో చదివించడం, అర్హుడి పేరు తప్పిపోతే పట్టుబట్టడం వరకే. ఈ హద్దు చెప్పి ఓటు అడిగేవాళ్లు అరుదు, వాళ్లను గుర్తుపెట్టుకోవాలి. వంద రూపాయల బాండు పేపరు మీద హామీలు రాసిచ్చే పద్ధతి తెలంగాణలో 2019లోనూ 2025 డిసెంబరులోనూ చూశాం. బాండు మీద రాసినంత మాత్రాన ఖాతాలో డబ్బు పుట్టదు, చట్టంలో లేని అధికారం రాదు. బాండు కంటే, అందులోని పది హామీలకు పక్కన ఖర్చు, నిధి ఎక్కడినుంచి, ఏ ఏడాది అని మూడు గడులు గీసి నింపమనండి. ఆ కాగితం పనికొస్తుంది.

కుక్కలు, కోతుల బెడద తీరుస్తానన్న హామీ కూడా అలాగే విప్పి చూడాలి. బాధ నిజమైనది. చేను కాపాడుకోలేక కూరగాయల సాగు మానేసిన రైతులున్నారు, పిల్లల్ని ఒంటరిగా బడికి పంపలేని తల్లులున్నారు. కానీ ఏం చేసి తీరుస్తారు? వీధి కుక్కలను చంపడం చట్టరీత్యా నేరం. 2023 నాటి నియమాలు చెప్పేది పట్టడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా, పట్టిన చోటే వదలడం. ఒక్క పంచాయతీకి ఇది మోయలేని పని, మండలం, పశుసంవర్ధక శాఖ కలిసి రావాలి. కోతులను పట్టించి పక్క ఊరి పొలిమేరలో వదిలితే వాళ్లూ అదే పని చేస్తారు. నిర్మల్ దగ్గర గండి రామన్నలో 2020లో తెరిచిన కోతుల సంరక్షణ కేంద్రం సంగతి తెలిసి, దాంతో ఏం మాట్లాడాలో, ఖర్చు ఎంతవుతుందో కనుక్కున్న అభ్యర్థికీ, ‘నెల రోజుల్లో ఒక్కటి కూడా లేకుండా చేస్తా’ అనే అభ్యర్థికీ తేడా మైకు ముందు కనిపించదు. ‘ఎలా?’ అని రెండుసార్లు అడిగితే కనిపిస్తుంది.

పనుల వరుస గురించి ఒక్క మాట. పైపులైను, తర్వాత మోరీ, ఆ తర్వాత సీసీ రోడ్డు. రోడ్డు ఫోటోలో బాగా పడుతుంది కాబట్టి చాలామంది తలకిందులు చేస్తారు. 3 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల మందంలో పోసిన 45 ఘనపు మీటర్ల కాంక్రీటును ఏడాది తిరక్కుండా నల్లా పైపు కోసం పగలగొడతారు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే ఇంటి గడప కంటే రోడ్డు ఎత్తవుతుంది, మొదటి వానకే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. వీధి దీపాలదీ ఇంతే. దీపాలకు విడిగా మూడో తీగ, స్విచ్ లేని వీధుల్లో పగలంతా వెలుగుతుంటాయి. 20 వాట్ల దీపాలు 100 ఉంటే పగటి 12 గంటలకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు వృథా. కొత్తగా 50 దీపాలు పెట్టిస్తానన్న అభ్యర్థిని మూడో తీగ మాట అడగండి. స్తంభం ఎవరు ఎక్కుతారని కూడా అడగండి. శిక్షణ లేని మల్టీపర్పస్ కార్మికుడిని (పంచాయతీలో అన్ని పనులూ చేసే మనిషిని) లైన్ ఆపకుండా స్తంభం ఎక్కించడం వల్ల ప్రాణాలు పోయాయి. ‘మనోడే, ఎక్కుతాడు’ అన్న నోటి నుంచి ఇంకేం విన్నా నాకు నమ్మకం కలగదు.

పాత సర్పంచ్ మళ్లీ నిలబడితే మాటలతో పని లేదు, కాగితాలున్నాయి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొడితే ప్రణాళికలో ఏం పెట్టుకున్నారు, దేనికి చెల్లించారు అన్నది కనిపిస్తుంది. గ్రామసభ తీర్మానాల పుస్తకం చూడండి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. ఏడాదికి ఆరింటిలో ఎన్ని జరిగాయి, ఎంతమంది సంతకాలున్నాయి, ఎవరైనా వ్యతిరేకించిన మాట అందులో రాశారా? ఐదేళ్లలో ఒక్క అభ్యంతరం కూడా నమోదు కాలేదంటే ఊరంతా ఒప్పుకుందని కాదు, సభ సరిగ్గా జరగలేదని. ఆడిట్ అభ్యంతరాలు, వాటికిచ్చిన జవాబులు అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు. కానీ జవాబుకు 30 రోజుల గడువుంది, పంచాయతీ ఎన్నికలో నోటిఫికేషన్ నుంచి పోలింగు దాకా రెండు వారాల పైచిలుకే. నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు పెడితే ఓటు వేశాక జవాబు వస్తుంది. కనీసం రెండు నెలల ముందే పెట్టాలి.

ఈ కాగితాలు చదివేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూస్తారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది లేచిన చోట బోరు వేయిస్తే నీళ్లు పడ్డాయనుకోండి, ఆ సర్పంచ్ హస్తవాసి మంచిదంటారు. సర్వే చేయించి, రెండు చోట్లు పోల్చి, గ్రామసభలో చెప్పి వేయించిన బోరు ఎండిపోతే చేతకానివాడంటారు. మొదటిది అదృష్టం, రెండోది సరైన నిర్ణయానికి చెడ్డ ఫలితం. వచ్చే ఐదేళ్లలో మళ్లీ మళ్లీ పనిచేసేది పద్ధతే. కాబట్టి ‘ఏం జరిగింది’ అన్నదాంతో ఆగకుండా ‘అప్పుడు ఏం తెలిసి అలా చేశావు, ఎవరిని అడిగావు, తప్పని తెలిశాక ఎన్నాళ్లకు ఆపావు’ అని అడగాలి. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. చెడిపోయిన పని మీద పరువు కోసం ఇంకా డబ్బు పోస్తూ వెళ్లేవాళ్లు ఊరికి ఎక్కువ నష్టం చేస్తారు.

కొత్తగా నిలబడ్డవాళ్లకు పంచాయతీ కాగితాలుండవు. కానీ ఎక్కడో ఒకచోట పదిమంది సొమ్మో, పదిమంది తగవో వాళ్ల చేతిలో పడే ఉంటుంది. మహిళా సంఘం, గ్రామైక్య సంఘం, బడి కమిటీ, పాల సొసైటీ, గుడి కమిటీ, బతుకమ్మ, వినాయక చవితి చందాలు. లెక్క గోడకు అంటించారా, మిగిలిన డబ్బు ఏమైంది, లెక్క అడిగినవాళ్లతో ఎలా మాట్లాడారు? పెద్దమనిషిగా పంచాయితీ చెప్పే అలవాటుంటే, ఇద్దరి మాటా విన్నాకే నోరు విప్పుతారా, ముందే ఒక పక్షాన కూర్చుంటారా? తీర్పు ఎవరికి వ్యతిరేకంగా వచ్చిందో వాళ్ల దగ్గరికెళ్లి అడగండి. ‘నాకు నచ్చలేదు కానీ, నా మాట మొత్తం విన్నాడు’ అని ఓడినవాళ్లు అంటే అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు. ఆసుపత్రికి కారు ఇచ్చారని, దహన సంస్కారాలకు పదివేలు ఇచ్చారని చూసి ఓటేసేవాళ్లు చాలామంది. అది దయ, గౌరవించాల్సిందే. కానీ తన డబ్బు ఇవ్వడం వేరు, ఊరి డబ్బు ఆపి ఉంచడం వేరు.

నిజాయితీ ఉంటే చాలుననేవాళ్లకు ఒక హెచ్చరిక. తెలంగాణలో చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యులు లెక్కింపు రోజునే ఎన్నుకుంటారు, తరచుగా అవతలి ప్యానెల్ నుంచి. వాళ్లతో పనిచేయించుకునే ఓర్పు లేకపోతే ఎంత నిజాయితీపరుడికైనా ఆరు నెలల్లో పాలన స్తంభిస్తుంది. అలాగే ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి వెళ్లేవాళ్లు, ఆన్‌లైన్ చెల్లింపుల డిజిటల్ కీని ఆపరేటరు చేతిలో పెట్టి మరిచిపోయేవాళ్లు పైసా తినకపోయినా ఆడిట్‌లో ఇరుక్కుంటారు. సంతకం ఎవరిదో బాధ్యత వాళ్లది.

ఈ మాట మహిళా అభ్యర్థుల విషయంలో మరీ చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవి. ప్రచారంలో మాట్లాడేది భర్తో, కొడుకో అయితే, ఆగి ఆమెతోనే మాట్లాడించమనండి. సంఘంలో నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ లెక్క రాసిన ఆడవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు, చాలామంది మగ అభ్యర్థుల కంటే వాళ్లకే లెక్క బాగా తెలుసు. ఆమెను మాట్లాడనివ్వని ఇల్లు రేపు ఆమె సంతకాన్నీ తనే వాడుకుంటుంది, నోటీసు వచ్చినప్పుడు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది.

వెంచర్లున్న ఊళ్లలో ఇంకొక్క ప్రశ్న చేర్చుకోవాలి: లేఅవుట్‌లో ఊరికి దక్కాల్సిన 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీ పేరిట గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టరైందా? పాత వాటిలో ఎన్నింటికి కాలేదు, వాటి మీద అభ్యర్థి ఏం చేస్తారు? లేఅవుట్ మంజూరు చేసే అధికారం పంచాయతీకి సొంతంగా లేదని, సాంకేతిక ఆమోదం పై అధికారులదని తెలిసి చెబుతున్నారా? రియల్ ఎస్టేట్ చేసే అభ్యర్థిని ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి, నలుగురి ముందు అడగాలి.

ఈ ప్రశ్నలన్నీ ఒక్కరు అడిగితే గొడవగా మారుతుంది. ప్రచారం మొదటి రెండు రోజుల్లోనే వాడకు ఇద్దరు చొప్పున కూర్చుని ఐదు ప్రశ్నలు ఎంచుకుని, పోటీలో ఉన్న అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో, ఒకే రోజు వేసి, జవాబులు వాళ్ల మాటల్లోనే రాసి పంచాయతీ దగ్గర అంటిస్తే చాలు. వేర్వేరు రోజుల్లో అడిగితే రెండోవాళ్లు మొదటివాళ్ల జవాబు విని వస్తారు. చివరి మూడు రోజుల్లో అడిగి లాభం లేదు, అప్పటికి ఊరు మందులో, మాంసంలో మునిగి ఉంటుంది.

సంపాదకులకు ఒక విన్నపం. మీ జిల్లా పేజీల్లో అభ్యర్థుల ఆస్తులు, కేసులు వేస్తున్నారు, మంచిది. వాటి పక్కనే మండలాలవారీగా ప్రతి పంచాయతీకి ఐదు అంకెలు వేయగలరా: కరెంటు బకాయి, ట్రాక్టరు రుణంలో మిగిలిన కిస్తీలు, చెల్లించాల్సిన పాత బిల్లులు, ఇంటి పన్ను డిమాండులో వసూలైన శాతం, గత ఏడాది జరిగిన గ్రామసభల సంఖ్య. ఇవన్నీ మండల పరిషత్ కార్యాలయంలో దొరుకుతాయి. నోటిఫికేషన్‌కు నెల ముందు వేస్తే ఊళ్లో అడిగేవాళ్ల చేతిలో లెక్క ఉంటుంది, అభ్యర్థులకు జవాబు సిద్ధం చేసుకునే సమయమూ ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత పంచాయతీరాజ్ ఉద్యోగి,
నల్గొండ జిల్లా